అధికమాసంలో వలెన్సియా

సదాశివానికి నేనేం అపకారం చేశానో నాకిప్పటికీ తెలీదు. వెంబ్లీలో అతని కేటరింగ్ మొదలైన రోజు నుంచి పొయ్యి దగ్గర నిలబడింది నేను. ఫంక్షన్ ఫొటోల్లో పెళ్లికొడుకు తండ్రి పక్కన నిలబడి నవ్వేది అతను. పోనీ, అది అతని అదృష్టం. ఇన్నేళ్లలో నేనడిగింది ఒక్క వారం సెలవు. దాన్ని కూడా అమ్ముకున్నాడు.

ఆ వారం దొరకడం ఎంత కష్టమో చెప్పాలి. మా ఆవిడ సులోచన ఇక్కడి ప్రైమరీ స్కూలు వంటగదిలో పనిచేస్తుంది. బడికి సెలవైతేనే ఆమెకు సెలవు. పంచాంగంలో ముహూర్తాలు లేకపోతేనే నాకు సెలవు. ఈ రెండూ కలిసి రావు. ఆషాఢంలో నేను ఖాళీగా ఇంట్లో పడుంటే ఆమె పిల్లల పళ్లేలు కడుగుతూ ఉంటుంది. ఆగస్టులో ఆమె ఇంటిపట్టున ఉండేసరికి శ్రావణం వచ్చేస్తుంది, నేను గుండిగల మధ్య ఉంటాను.

సులోచనకు పెద్ద కోరికలేమీ లేవు. పుట్టింది బాపట్ల దగ్గర, సముద్రం పక్కన. ఈ దేశం వచ్చిన కొత్తలో బ్రైటన్ తీసుకెళ్తే, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పాదం పెట్టి కెవ్వుమని వెనక్కొచ్చింది. "ఇది సముద్రమా, ఫ్రిజ్జా?" అంది. అప్పట్నుంచీ ఒకటే మాట. ఒక్కసారి వెచ్చటి సముద్రంలో నడుందాకా నిలబడాలి.

స్కూల్లో ఆమెతో పనిచేసే స్పెయిన్ అమ్మాయిది వలెన్సియా. బీచ్ ఊళ్లోనే ఉంటుందట, ట్రామెక్కి పోవచ్చట. ఏప్రిల్‌లో రావద్దు, నీళ్లు చల్లన, జూలై ఆగస్టుల్లో మాడిపోతారు, జనం, రేట్లు, మే చివర్లో రండి అని చెప్పింది. మే చివర్లో బడికి హాఫ్‌టర్మ్, వారం సెలవు. నా సంగతి చూస్తే, ఈ ఏడు జ్యేష్ఠం అధికమాసం. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు. ఎవరికీ పనికిరాని నెల మాకు పనికొచ్చింది. ఇద్దరం కేలండర్ ముందు నిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. బ్రిటిష్ పాస్‌పోర్టులు వచ్చాయి కాబట్టి వీసా గొడవ లేదు. టికెట్లు కొనేశాం. సదాశివానికి ముందే చెప్పాను. "వెళ్లిరావయ్యా, అధికమాసంలో మనల్నెవడు పిలుస్తాడు?" అన్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో అతనే ఫోన్ చేశాడు.

"సుబ్బారావూ, మే ముప్ఫై శనివారం స్టీవెనేజ్‌లో ఓణీల ఫంక్షన్. మూడొందల మంది."

"అధికమాసంలో ఓణీలేంటండీ?"

"హాఫ్‌టర్మ్ కదయ్యా. పిల్లకి బడి పోదు, గ్లాస్గో చుట్టాలకి లీవు దొరుకుతుంది, హాలు సగం రేటుకిచ్చారు. పంతులుగారు జూమ్‌లో చూసి, సముద్రం దాటొచ్చాక ఆ దోషం లేదన్నారు."

"నేను ఊరెళ్తున్నానని చెప్పాను కదా."

"నీ సముద్రం ఎక్కడికి పోతుందయ్యా? సెప్టెంబర్లో కూడా అక్కడే ఉంటుంది."

"సెప్టెంబర్లో ఆవిడకి బడి."

"సరే, నీ ఇష్టం. బేబీగారి వంటజట్టు ఖాళీగానే ఉంది. ఇప్పుడు ఆవిడకిస్తే శ్రావణం ఆర్డర్లు కూడా ఆవిడవే. తర్వాత నన్ననుకోకు."

ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మోకాళ్లు అరిగాయి. కొత్తగా ఇంకెవడు పెట్టుకుంటాడు నన్ను? సరేనన్నాను.

సులోచన బట్టలు మడతపెడుతోంది. విషయం చెప్పాను.

"ఎవరి పిల్ల?" అంది.

"పార్థసారథిగారని, సాఫ్ట్‌వేర్."

"పిల్ల పేరేంటి?"

"నాకేం తెలుసు?"

"పేరు తెలీని పిల్ల కోసం మానేస్తున్నారా?"

"పిల్ల కోసమా? ఇంటద్దె కోసం."

"మళ్లీ అధికమాసం ఎప్పుడు?"

"మూడేళ్లకి. చైత్రంలోనట. మార్చిలో వస్తుంది."

"మార్చిలో నీళ్లెలా ఉంటాయి?"

ఆమె చేతిలో ఉన్న నా చొక్కా మడతపెట్టి దొంతర మీద ఉంచింది.

"అయితే మీరు వంటకెళ్లండి. నేను సముద్రానికెళ్తాను."

"ఒక్కదానివా? అక్కడి భాషొచ్చా నీకు?"

"ఇక్కడికొచ్చినప్పుడు ఇక్కడి భాషొచ్చా?"

వెళ్లింది. ఆ శనివారం స్టీవెనేజ్‌లో వాన. హాలు వెనక వంటగదిలో గుత్తివంకాయ రెండో గుండిగ దించుతుంటే ఫోన్ మోగింది. ఎవరో తీసిన ఫొటో. చుడీదార్‌తో, నడుందాకా నీళ్లలో, చేతులు పైకెత్తి. కళ్లు మూసుకునుంది. కింద గొంతు రికార్డు చేసి పంపింది. "వెచ్చగా అంటే మరీ వెచ్చగా లేదండీ. కాసేపుంటే అలవాటైపోయింది." వెనకాల అలల చప్పుడు. అంత నెమ్మదైన గొంతు ఆమె దగ్గర నేను ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు. పక్కనుంటే వినేవాణ్ణా అనుకున్నాను.

"పులిహోర అయిపోవచ్చింది, ఫోనేంటయ్యా?" అని సదాశివం తలుపులోంచి అరిచాడు. వంకాయ బ్రహ్మాండమని పార్థసారథిగారు అతని చేయి పట్టుకుని ఊపేస్తున్నారు. అతను నవ్వుతున్నాడు.

విమానం వాళ్లు రాని మనిషికి డబ్బు వెనక్కివ్వరట. సగమైనా ఇమ్మని సదాశివాన్ని అడిగాను. "నిన్ను నేను టికెట్టు కొనమన్నానా?" అన్నాడు. రానూపోనూ నా సీటుకీ, సూట్‌కేసుకీ కలిపి పోయింది రెండొందల పద్నాలుగు పౌండ్ల అరవై పెన్స్.