రెండో చెవి ఎవరి దగ్గర?

నేనన్నది కాలమ్. వాడు విన్నది కాలం. ఆ రెండింటి మధ్యా, నా కుడిచెవి పక్కన, జుట్టు కత్తిరించే మిషన్ గుర్రుమంటోంది.

"ఇంక ఆఖరి కాలమ్ ఒక్కటే మిగిలిందిరా. దాన్ని తలుచుకుంటేనే భయమేస్తోంది" అన్నాను, అద్దంలో నా మొహానికి నేనే చెప్పుకుంటున్నట్టు.

మిషన్ ఆగింది. అద్దంలో మంగలివాడి మొహం నా మొహం కంటే ముందు పాలిపోయింది. "అంత మాటనకన్నా" అన్నాడు. ఆ రోజు మెడ వెనకాల పౌడరు రెండుసార్లు అద్దాడు. గడ్డం అడగకుండానే గీశాడు. నేనేదో వాడికి నా మీద అభిమానం పెరిగిందనుకున్నాను. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

వీధిలో వాణ్ణి రేడియో అంటారు. ఆన్ చెయ్యక్కర్లేదు, ఆఫ్ చెయ్యడం కుదరదు. మధ్యాహ్నానికల్లా నా ఆఖరి కాలం వీధి చివరిదాకా ప్రసారమైపోయింది. ఈ సంగతి నాకు తెలిసింది శుక్రవారం. మీకు ముందే చెప్పేస్తున్నాను, నాలాగా మీరూ మూడు రోజులు వెర్రిమొహం వేసుకోవడం ఎందుకని.

నేను తాళాలు చేస్తాను. ఇల్లు వెనక, కొట్టు ముందు, మధ్యలో ఒక గుడ్డ తెర. ఊడొచ్చిన తాళాలు బాగుచేస్తాను, పోయిన చెవులు కోస్తాను. చెవులంటే తాళంచెవులేనండోయ్, అసలు చెవుల జోలికి పోయేది మా రేడియో ఒక్కడే. అదలా ఉంచితే, నా కడుపులో రాయి ఉంది. పిత్తాశయంలో, బఠానీ గింజంత. "రాయి" అన్నాడు డాక్టరు ఫొటో చూపించి. ఆపరేషన్ కావాలంటే కొత్త చట్టం ప్రకారం ఆరోగ్య శాఖ ఫారం నింపాలి. "రాయి" అన్నారు అందరూ ఫారం చూపించి. ఒక రాయి తియ్యాలంటే ఇంకో రాయి పడాలి. ఇరవై రెండు గడులూ రాశాను. పుట్టిన తేదీ, పళ్ళ సంఖ్య, చిన్నప్పటి ఆటలమ్మతో సహా. ఇరవై మూడోది, ఆఖరి కాలమ్, ఇలా ఉంది:

"రోగి స్పృహలో లేనప్పుడు వారి తరఫున నిర్ణయం తీసుకొను వ్యక్తి పేరు, సంబంధం."

దాని కింద చీమ అక్షరాల్లో: "ఖాళీగా వదిలినచో ఆ అధికారం ఆరోగ్య శాఖాధికారికి సంక్రమించును."

జబ్బులు సంక్రమిస్తాయని తెలుసు. అధికారం కూడా సంక్రమిస్తుందని అప్పుడే తెలిసింది.

పట్టుకెళ్ళి ఆస్పత్రి కౌంటరు దగ్గర అమ్మాయిని అడిగాను. కళ్ళద్దాలు నెత్తిమీద పెట్టుకుని, అవి ఎక్కడున్నాయా అని బల్లంతా వెతుక్కుంటోంది.

"ఖాళీగా వదిలేస్తే ఏ అధికారి అమ్మా?"

"అప్పటికి ఎవరుంటే వాళ్ళు బాబాయ్ గారూ."

"ఆయనకి నేను తెలుసా?"

"మీ ఫారం ఉంటుంది కదండీ."

"ఫారానికి కడుపునొప్పి రాదు కదమ్మా! నన్ను కొయ్యాలా, మానాలా, గొట్టాలు పెట్టి ఉంచాలా, పీకేయాలా, ఎప్పుడూ నా మొహం చూడని మనిషి చెబుతాడా? నలభై పనుల మధ్య, సంతకాల పుస్తకం తిరగేస్తూ?"

ఆ పిల్లకి కోపం రావాలి. రాలేదు. కళ్ళద్దాలు దొరికాయి, పెట్టుకుని నన్ను సరిగ్గా చూసింది. "పోయినేడు మా వార్డులో ఒకాయన తొమ్మిది గంటలు చక్రాల బల్ల మీద ఉండిపోయాడు బాబాయ్ గారూ. తలకి దెబ్బ. సంతకం పెట్టేవాళ్ళు లేరని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ఈ గడి పెట్టారు. ఎవరో ఒకరు ఉండాలి కదా?"

ఆ తొమ్మిది గంటలాయన నాకు కావలసినవాడిలా అనిపించాడు. అయినా నా భయం నాకుంది. తాళం చేసినవాడి దగ్గర చెవి ఉండకూడదు. అది మా పనిలో మొదటి నియమం. నేను చెవి కోసి ఇచ్చాక దాని అచ్చుని కొనుక్కున్నవాడి కళ్ళ ముందే సుత్తితో చితక్కొడతాను. నేను దొంగనని కాదు. రేపు నా కొట్లో ఎవడు కూర్చుంటాడో నాకు తెలియదని. ప్రభుత్వమూ అంతే. ఇవాళ కౌంటర్లో ఈ చల్లని తల్లి ఉంది. రేపు?

"శుక్రవారం పన్నెండు దాకా తీసుకుంటామండీ. తర్వాతైతే మీ ఆపరేషన్ మళ్ళీ నాలుగు నెలలకి పోతుంది" అంది. "ఎవరో ఒకరి పేరు రాసేయండి. ఇంట్లోవాళ్ళది."

ఇంట్లోవాళ్ళు! మా ఇంట్లో గడియారం ఉంది. అది కూడా నడిచినప్పుడే.

ఇక్కడ మీకు నా ఇంకో నియమం చెప్పాలి. కొత్త తాళం చేస్తే రెండు చెవులిస్తాను. మొదటిది చేతిలో పెడతాను. రెండోది ఇచ్చే ముందు అడుగుతాను: "ఇది ఎవరి దగ్గర ఉంటుంది?" చెప్పకపోతే ఇవ్వను. రెండు చెవులూ ఒకే జేబులో పెట్టుకునేవాడికి ఒక చెవి ఉన్నట్టే లెక్క, పోతే రెండూ పోతాయి. కొందరు టక్కున చెబుతారు, "మా చెల్లెలి దగ్గర" అని. కొందరు నీళ్ళు నములుతారు. పెళ్ళయిన వారానికే వచ్చిన ఒకావిడ "మా అమ్మ దగ్గర, ఆయనకి చెప్పకండి" అంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ వీధిలో ఎవరు ఎవర్ని నమ్ముతారో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. వాళ్ళందరికీ తెలియంది ఒకటే, నా రెండో చెవి సంగతి.

అది మా ఆవిడ దగ్గర ఉండేది. ఎర్రదారం కట్టుకుంది, నా దానితో కలిసిపోకుండా. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆ ఎర్రదారం చెవి తెచ్చి తలుపు వెనక మేకుకి, నా చెవి పక్కనే తగిలించాను. వాళ్ళిద్దరూ అక్కడ కలిసే ఉన్నారు. నేనే విడిగా ఉన్నాను.

బుధ, గురువారాలు వీధి నాతో మెత్తగా మాట్లాడింది. రొట్టెల కొట్టువాడు బాగుచెయ్యమని ఇచ్చిన తాళం సగం పనిలోనే పట్టుకుపోయాడు. "ఏం, తొందరా?" అంటే, "మీరుండగానే తీసుకుందామని" అని నాలిక్కరుచుకున్నాడు. ఎదురింటావిడ గిన్నెతో చారు పంపించింది. పదకొండేళ్ళలో మొదటిసారి. అంత రుచిగా ఉండే చారు అన్నాళ్ళూ ఎదురుగా ఉండి నాకు అందలేదంటే, చావబోతే తప్ప చారు పోయరన్నమాట. కానీ అప్పుడు నాకా అర్థం తెలియదు. గిన్నె కడిగి ఇవ్వడానికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, లోపల వాళ్ళ మాటలు వినిపిస్తుంటే కాసేపు తలుపు కొట్టకుండా ఉండిపోయాను. తర్వాత గిన్నె మెట్టు మీద పెట్టి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున పదిన్నర. ఫారం బల్ల మీద ఉంది, ఆఖరి గడి అలాగే ఉంది. బయట గోల.

"మా ఆఖరి కాలం మాదే!"

"ప్రభుత్వ పెత్తనం చెల్లదు!"

చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మం బయటికి వచ్చాను. ముప్పై నలభై మంది, ముందు రిటైరైన హెడ్‌మాస్టారు. ఆయన చేతిలో కర్రకి కొట్టిన అట్ట, దాని మీద 'మా ఆఖరి కాలం మాదే'. ఆయన పక్కనే రేడియో, కళ్ళనిండా నీళ్ళతో.

"పదవయ్యా" అన్నారు మాస్టారు. "ఈ కొత్త చట్టంతో ఆఖరి కాలంలో మనిషికి వైద్యం చెయ్యాలో వద్దో వాళ్ళు తేలుస్తారట! నిన్ను చూపించి అడుగుతాం. నీలాంటి సాక్ష్యం మళ్ళీ దొరకదు. అదీ నువ్వున్నన్నాళ్ళే."

"నేనెక్కడికి పోతున్నాను మాస్టారూ?"

జవాబు గాలి చెప్పింది. నా వెనక తలుపు ధనామని పడింది.

లాగితే దానంతటదే పడిపోయే తాళం అది. నా చేత్తో నేను చేసింది. సన్నని రేకు దూర్చి ఇలాంటివి వందల తలుపులు తెరిచాను కాబట్టి, నా తలుపుకి మాత్రం రేకు దూరకుండా లోపల అడ్డుపట్టీ బిగించాను. పనిముట్లు లోపల. ఫారం లోపల. చెవి లోపల. పన్నెండుకి గంటన్నర ఉంది.

"నువ్వే తాళాలవాడివి కదన్నా, తీసెయ్" అన్నాడు రేడియో.

"నాలాంటివాడు తియ్యకూడదనే చేశాన్రా దీన్ని."

"మరి రెండో చెవి ఎవరి దగ్గర ఉంది?"

పాపం, వాడు ఎత్తిపొడవలేదు. నేను ప్రతివాణ్ణీ అడిగే ప్రశ్న కదా, అలవాటుగా అడిగాడు. కానీ ఆ ముప్పై నలభై మందీ ఒక్కసారి నా వంక చూశారు. వాళ్ళలో సగంమంది ఆ ప్రశ్నకి నా బల్ల ముందు నిలబడి జవాబు చెప్పినవాళ్ళే.

"లోపలే" అన్నాను. "మొదటిదాని పక్కనే."

రొట్టెల కొట్టువాడు నవ్వబోయి ఆగిపోయాడు.

మాస్టారి అట్ట కర్రతో తలుపు సందులో తన్నిపెట్టాం. కర్ర విరిగింది. అట్ట మాస్టారి చేతిలో మిగిలింది. ఇనుపసామాను కొట్టు నుంచి గునపం వచ్చింది. ఎవరికో ఇవ్వబోతుంటే లాక్కుని నేనే పొడిచాను. నా తాళం నేనే పగలగొట్టాలి, ఇంకొకడు కొడితే చూడలేను, తాళలేను. నాలుగో పోటుకి పట్టీ ఊడింది. అదే పోటుకి కడుపులో రాయి కూడా పొడిచింది. గుమ్మంలోనే కూలబడ్డాను.

"అయిపోయింది! ఆఖరి కాలం!" అని గొల్లుమన్నాడు రేడియో.

"ఎవరి ఆఖరి కాలంరా!" నొప్పిలోనే అరిచాను. "మూడు రోజుల్నుంచి ఏమిటీ సంతాపం? ఆ బల్ల మీద కాగితం పట్రా!"

తెచ్చాడు. ఇరవై మూడో గడి మీద వేలు పెట్టాను. "కాలమ్! ఫారంలో కాలమ్! దీని గురించిరా నీకు చెప్పింది!"

వాడు చదివాడు. మాస్టారు వంగి చదివారు. చీమ అక్షరాలు ఆయన పైకి చదివారు, బడిలో చదివినట్టు, వెనకున్నవాళ్ళకి కూడా వినబడేలా. చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇదే కదయ్యా నేను మొత్తుకుంటున్నది! ఎవరూ లేనివాడి మీద వాళ్ళకే అధికారమన్నమాట. మరి నువ్వు ఎవరిదైనా పేరు..." అని సగంలో ఆపేశారు. హెడ్‌మాస్టారు గారు వాక్యం పూర్తి చెయ్యకుండా వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. నాకు కౌంటర్లో అమ్మాయి చెప్పిన చక్రాల బల్ల గుర్తొచ్చింది. అటు పక్క తొమ్మిది గంటలు. ఇటు పక్క నా మొహం తెలియని అధికారి. మధ్యలో వంగుని, నా చొక్కా చేత్తో పట్టుకుని, ఏడుస్తూ ఒక మంగలి. ఒకటి చెబితే ఇంకోటి వినే మనిషి. డాక్టరు "కొయ్యమంటారా" అంటే "పొయ్యమంటారా" అని వినే రకం.

కానీ వింటాడు. తప్పో ఒప్పో, విని మిషన్ ఆపాడు కదా.

"కలం ఇవ్వరా" అన్నాను. "నీ పేరేమిటి?"

"నా పేరా? రేడియో."

"అసలు పేరు."

పదహారేళ్ళుగా వాడి చేతిలో తల పెడుతున్నాను, అడగలేదు. చెప్పాడు. మంచి పేరు. వాళ్ళమ్మ తప్ప ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరట. రాశాను. సంబంధం అన్నచోట కలం ఆగిపోయింది.

"తలకి సంబంధించినవాడని రాయన్నా" అన్నాడు ముక్కు చీదుకుంటూ.

తమ్ముడు అని రాశాను. తర్వాత లేచి, మేకు మీద నుంచి ఎర్రదారం చెవి తీశాను. తాళం పగిలింది కాబట్టి అది ఇప్పుడు దేనికీ పట్టదు. చెవి వెనక్కి పెట్టి, దారం మాత్రం విప్పి జేబులో వేసుకున్నాను. కొత్త తాళం చేసినప్పుడు కావాలి.

"ఫారం ఇచ్చి వస్తాన్రా మాస్టారితోపాటు" అన్నాను. నడుం నిలబడలేదు.

"నువ్వు కూర్చో. మేమిస్తాం" అన్నారు మాస్టారు. "నీకు మనిషి దొరికాడు. దొరకనివాళ్ళ సంగతి అడగాలి కదా? ఊరేగింపు ఆగదు." అట్ట మీద సున్నా కొట్టేసి పక్కన 'మ్' పెట్టి, కర్ర లేదని గుండెలకి ఆనించుకున్నారు. మా ఆఖరి కాలమ్ మాదే.

వాళ్ళు కదిలారు. నేను తాళం లేని గుమ్మంలో, కడుపు మీద చెయ్యేసుకుని కూర్చున్నాను. వీధి ఖాళీ అయింది. ఎదురింటి మెట్టు మీద చారు గిన్నె ఇంకా అలాగే ఉంది.

ముందు రేడియో గొంతే వినబడుతోంది. కొట్టుకొట్టుకీ ఆగి చెబుతున్నాడు: "కాలం కాదండీ, కాలమ్! ఫారంలో కాలమ్! ఆయన చావట్లేదు! ఆయనకి ఎవరూ లేరండీ, అదీ సంగతి! అందుకని ఆ కాలమ్‌లో నన్ను రాశాడు!"

మలుపు తిరిగాక కూడా వినబడింది. నాలుగేళ్ళు దాచుకున్నది వీధి చివరిదాకా తప్పు లేకుండా ప్రసారమైంది. ఈసారి మాత్రం వాడు ఒక్క ముక్క కూడా తప్పు వినలేదు.