చేను నాదేనన్న శౌరయ్య

జీపు దిగిన వ్యవసాయ ఆఫీసరు వరుసగా వేస్తున్న కొత్త వరి నాట్లు చూసి, ఈ చేను ఎవరిదని అడిగాడు. కామందు చలపతిరావు శౌరయ్యను ముందుకు తోశాడు.

"నాదేనండి," అన్నాడు శౌరయ్య తలొంచుకుని.

ఆ పొట్టి వరి విత్తనాలను సర్కారు సన్నకారు రైతుల కోసం పంపింది. కామందు పల్లెలోని పన్నెండు కుటుంబాల పేర వాటిని తెచ్చి తన మళ్లలో చల్లుకున్నాడు. ఈ ఒక్క మాట అనకపోతే శౌరయ్య అరెకరానికి ఇంజను నీళ్లు ఆపేస్తానన్నాడు.

సాలుకూ సాలుకూ ఎడమెంతని ఆఫీసరు అడిగితే శౌరయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక బురదలో వంగి నాటేస్తున్న వదిన రిబ్కా, "జానెడండి" అని అందించింది. ఎరువెప్పుడు చల్లాలో కూడా తనే చెప్పింది. కూలికొచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ అతన్ని బయటపెట్టలేదు. తిట్టిపోసినా బాగుండేది. ఏడాదిపాటు అతను పల్లెలో తలెత్తి నడవలేదు.

మరుసటేడు తొలకరికి ముందు అందరూ చర్చి అరుగు మీద కూర్చున్నారు. ఆ వంగడం మనకు అచ్చిరాదని, కామందుతో తగువు వద్దని ముసలి రాయప్ప వాదించాడు.

"నాటిందెవరు మావా? ఎరువు చల్లిందెవరు?" అంది రిబ్కా. "మన చేత్తో ఆయన చేలో పండింది, మన చేలో ఎందుకు పండదు?"

మర్నాడు పన్నెండు కుటుంబాలూ తిరువూరులో విత్తనాల గోదాముకు నడిచాయి. అక్కడ అదే ఆఫీసరు. నిరుడే మీకిచ్చాంగదా, చేను తనదని ఇతనే చెప్పాడుగదా అని శౌరయ్యను చూపించాడు. అందరి కళ్లూ అతని మీదికి మళ్లాయి. పారిపోదామనుకున్నవాడు ఆఫీసరు ముందుకొచ్చాడు.

"అబద్ధం చెప్పానండి. చేను కామందుది. విత్తనాలు వీళ్లవి. నా నీళ్ల కోసం వీళ్ల నోరు కొట్టాను."

విత్తనాలిచ్చేదాకా కదలమని గుంపు గోదాము గుమ్మంలోనే కూర్చుంది. ఆఫీసరు కబురంపితే పోలీసులొచ్చి, సర్కారుకు అబద్ధం చెప్పాడని శౌరయ్యను పట్టుకుపోయారు. అయినా ఎవరూ లేవలేదు. పొద్దుగూకే వేళకు బస్తాలు బయటికొచ్చాయి.

వారానికి వదిలితే శౌరయ్య ఊరి మొగలోనే ఆగిపోయాడు. కామందు నీళ్లు కట్టేసే ఉంటాడు. తన మడిని పట్టించుకోమని అడిగే ముఖం తనకు లేదు. తీరా చూస్తే వాగు నుంచి అతని అరెకరం దాకా మనుషుల వరుస. బిందెలు చేతులు మారుతున్నాయి. మళ్లో వాళ్లే చల్లిన విత్తనం పచ్చగా మొలకెత్తింది. శౌరయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

"ఏడుపు తర్వాత," అని రిబ్కా అతని చేతికి బిందె అందించింది.

గట్టు మీద నిలబడి కామందు మనిషి దుక్కులకు రమ్మని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆ రోజు కామందు చేలోకి పల్లె నుంచి ఒక్కరూ దిగలేదు.