వడ్డీ తక్కువ పడే పేరు

...అయినా ఈ సిమెంటు మరకలు మొండివి. బ్లేడుతో ఎంత గీకినా వంటింటి గచ్చు మీద ఏదో ఒక మూల తేలుతూనే ఉంటాయి. మోకాళ్ళ మీద కూచుని గీకుతున్నాను. ముందుగదిలో ఇల్లు కొనడానికి వచ్చిన దంపతులకి నా భర్త పైకప్పు గురించి చెబుతున్నాడు. "పాతదంతా తీయించేశానండీ. దగ్గరుండి చేయించాను." దగ్గరున్నది ఎవరో అడగబుద్ధి కాలేదు. ఆ వారమంతా ఆస్పత్రి లాబ్‌లో నా ఉద్యోగానికి సెలవు పెట్టి, పనివాళ్ళకి కావలసినవి చూస్తూ, కప్పు లేని గదిలో గొడుగు కింద వంట చేసింది నేను. మేస్త్రీ మాత్రం ఏం మాట్లాడాలన్నా "సారుని పిలవండమ్మా" అనేవాడు.

ఇది మా నాలుగో ఇల్లు. పాడుపడ్డది చవగ్గా కొనడం, అద్దె దండగని అందులోకే కాపురం మార్చడం, బాగుపడ్డాక అమ్మేయడం. ఇదీ అతని పద్ధతి. మొదటి ఇంట్లో స్నానాలగదికి తలుపు లేదు, పాత దుప్పటే తలుపు. రెండో ఇంటి చెమ్మకి పాపకి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు సామానుతో పాటు మూడో ఇంటికీ వచ్చింది. కుళాయి మూలగడం మానేసి, కిటికీ రెక్క ఒక్క చేత్తో మూతపడిందంటే నాకు గుబులు పుట్టేది. మళ్ళీ మూటలు కట్టుకోవాలన్నమాట. "మావాడి చెయ్యి పడితే పాడుకొంపైనా బంగారమే" అంటారు అత్తగారు, కొత్త గోడని నిమురుతూ. ఆ చేతికి ఒక్క కాయా కాయలేదని మనసులో అనుకుంటాను. మనసులో అనుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఈ ఇంట్లో పాప దగ్గడం మానేసింది. కరెంటు స్విచ్చి ఎక్కడుందో చీకట్లో కూడా నా చేతికి తెలిసిపోతోంది. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు.

అతనికి నికరమైన ఆదాయం లేదు కనక అప్పులన్నీ బ్యాంకు నా జీతం చూసే ఇచ్చింది. "నీది జీతం, నాది బుర్ర" అని నవ్వేవాడు. ఈసారి ఇల్లు కూడా నా ఒక్కదాని పేరనే రాయించాడు. ఆడవాళ్ళ పేరనైతే వడ్డీ కాస్త తగ్గుతుందట. "మురిసిపోకు, పేరుకే నీది" అన్నాడు. నేను మురిసిపోలేదు. కానీ ఆ మాట నాలో ఎక్కడో, నీళ్ళు పోసి వదిలేసిన సిమెంటులా, నా ప్రమేయం లేకుండానే గట్టిపడుతూ వచ్చింది.

"ఇదిగో, నిన్నే." ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బ్యాంకు వాళ్ళు. ఇల్లు అమ్మి లోను మూసేస్తామని నువ్వు చెప్పాలట. ఊ అను, చాలు."

చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చి ఫోను అందుకున్నాను.

"ఇల్లు అమ్మడం మీకు ఇష్టమేనా మేడమ్?" అవతలి అమ్మాయి గొంతులో తొందర లేదు. "ఓనరు మీరు కదా, మీ నోటితో చెప్పాలి."

నాకు ఇష్టమేనా అని ఎవరైనా అడగడం ఎంత వింతగా ఉంది. జవాబు కోసం వెతుక్కోవాల్సి వస్తుందనుకున్నాను. అక్కర్లేకపోయింది.

"లేదండీ, అమ్మట్లేదు. లోను అలాగే ఉంచండి. ఇప్పటిదాకా కట్టినట్టే కడతాను."

"ఏంటి, వేళాకోళమా?" అన్నాడు నా భర్త, వచ్చినవాళ్ళ వైపు చూసి నవ్వుతూ. వాళ్ళు నవ్వలేదు.

ఫోను అతని చేతిలో పెట్టాను. వెళ్ళి వీధి తలుపు బార్లా తీసి పట్టుకున్నాను.

"మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, చూసి దిగండి" అన్నాను వాళ్ళతో.