నాలుగు దెబ్బల ఖాళీ

అద్దాల మేడల మీది నుంచి ఎండ జారి ఇత్తడి బాకా నోట్లో పడింది.

బాకా కాలింది. పెదవి పెడితే చురుక్కుమంది.

రాయదుర్గంలో పాత ఊరి ఇళ్లు ఇంకా నలభై మిగిలాయి. వాటి మధ్య రేకుల షెడ్డు. షెడ్డు కింద బాలనర్సయ్య బ్యాండు.

ముప్పై ఏళ్లుగా అతను అమ్మే సరుకు ఒకటే — ఊపిరి.

ఎవడి రొమ్ములో ఎంత ఉందో అతనికి తెలుసు. ట్రంపెట్ ఓంకార్‌ది ఎనిమిది డ్రమ్ము దెబ్బల ఊపిరి. పెద్ద బాకా తనది. ఒకప్పుడు పది, ఇప్పుడు నాలుగు. ఒకడికి అయిపోయే చోట ఇంకొకడు ఎత్తుకోవాలి. పెళ్లి ఊరేగింపు బారాత్‌లో సందు రాకూడదు. సందు వస్తే జనం చల్లబడతారు. చల్లబడితే మరుసటి పెళ్లికి డీజే బాక్సులు దిగుతాయి.

ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఇప్పుడు చేతికి వచ్చింది పెళ్లి పాట కాదు. అమ్మవారి పాట.

బోనాల నాడు ముందు నడుస్తూ భూలక్ష్మవ్వ పాడేది. ఆమెకు ముందు ఆమె అత్త. ఈ ఏడు అవ్వకు ఉబ్బసం ముదిరింది. నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. పాట నడవాలంటే ఇత్తడే నడిపించాలి.

"నువ్వు ఎత్తుకోకుంటే ఇగ బాక్సులే మాస్టరూ," అన్నాడు బోనాల కమిటీ శివశంకర్. "గా పాటకు రాం రాం."

మూడు రోజులు అవ్వ చాప పక్కన కూర్చున్నాడు బాలనర్సయ్య. అవ్వ ఒక చరణం సన్నగా అనేది. ఆగేది. నాలుగు దెబ్బలు. మళ్లీ చరణం. మళ్లీ ఆగేది.

పాపం, దమ్ము అందడం లేదనుకున్నాడు.

ఆ ఖాళీని ధారాళంగా నింపాడు. డ్రమ్ము ఉరుము. ట్రంపెట్ మెలిక. పాత నగకు కొత్త మెరుగు పెట్టినట్టు.

శుక్రవారం వాయించి వినిపించాడు. రెండో చరణానికే అవ్వ చెయ్యెత్తింది.

"ఆడ ఏంది గా డుర్రుడుర్రు?"

"నువ్వు దమ్ము తీస్కునే జాగ అవ్వా. ఉత్తగ ఎందుకని నింపిన."

"దమ్ము కాదురా. ఆగుడు గూడ పాటే."

"అయితే ఆ జాగల ఏముందో పాడు. వాయిస్త."

అవ్వ నవ్వింది. దగ్గింది. దగ్గు తగ్గాక అంది —

"పిలిచేటోళ్లే పలుకుతరా నర్సయ్యా? నాది పిలుసుడు. పలుకుడు నాది కాదు."

డ్రమ్ము రవీందర్ తల గోక్కున్నాడు. "ఉస్తాద్, నడిరోడ్డు మీద నాలుగు దెబ్బలు ఉత్తగ నిలవడితే, తాగి పాట మర్చిండ్రంటరు!"

పదహారు చరణాలు. పదహారు ఖాళీలు. అరవై నాలుగు దెబ్బల మౌనం. బతుకులో ఎన్నడూ ఖాళీ డబ్బా అమ్మలేదు బాలనర్సయ్య.

అవ్వ కళ్లలోకి చూశాడు. రవీందర్ వైపు తిరిగాడు.

"నింపినదంత తీసెయ్," అన్నాడు.

ఆదివారం.

ముందు నడిచే ఊరి పిల్ల రేణుక తల మీద బోనం. వేపకొమ్మలు. రెండు పక్కలా అద్దాల గోడలు, మధ్యలో రోడ్డు.

మొదటి చరణం. ట్రంపెట్ లేచింది. కింద బాకా పట్టుకుంది. ఆగింది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

ఎక్కడో కారు హారను. అంతే.

రెండో చరణం. ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. శివశంకర్ వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. బాక్సులవాడికి చేద్దామని ఫోను తీశాడు.

మూడో చరణం. ఆగింది.

"వచ్చితినే బిడ్డా... వచ్చితినే..."

సన్నటి గొంతు.

హాస్టల్ గేటు దగ్గర ఒకామె. వంటామె. చేతులకు ఇంకా పిండి.

నాలుగో చరణం. ఆగింది. పక్క బిల్డింగు వెనక గేటు నుంచి ఇద్దరు — నీలం చీరలు, మెడలో కార్డులు, ఒకామె చేతిలో చీపురు. "వచ్చితినే బిడ్డా..."

ఒకప్పుడు ఈ ఊరి పిల్లలే. బోనం వెనక ఈ పలుకు పలికే తల్లుల కొంగులు పట్టుకొని నడిచినవాళ్లు. ఇళ్లు పోయి లింగంపల్లిలో కిరాయికి ఉంటూ, పొద్దున్నే ఇక్కడికే పనికి వస్తున్నవాళ్లు.

బాలనర్సయ్యకు అప్పుడు అర్థమైంది.

పలికేవాళ్లు లేని ఇన్నేళ్లూ, ఏటేటా, చరణం చరణానికీ...

అవ్వ ఆగుతూనే వచ్చింది.

అయిదో చరణం. ఈసారి బోనం కిందినుంచి రేణుక. ఆమె వెనక ఇంకెవరో. ఇంకెవరో. శివశంకర్ ఫోను చెవి దగ్గరే ఆగిపోయింది. అవతల ఎవరో హలో, హలో అంటున్నారు.

నాలుగు దెబ్బలు అయిపోయాయి.

గొంతులు ఆగలేదు.

అయిదు... ఆరు... ఏడు...

ఓంకార్ ట్రంపెట్ పెదవికి ఆనించి ఉస్తాద్ వైపు చూశాడు — ఎప్పుడు ఎత్తుకోవాలి?

బాలనర్సయ్యకు తెలియలేదు.

ఎండ జారుతున్న అద్దాల మీదికి గొంతులు ఎక్కుతున్నాయి... ఇంకా పైకి...