పాపక్క షెడ్డులో యెజ్డీ

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మునీంద్ర స్కూటర్ తీశాడు గానీ, వెళ్లాలన్న ఉత్సాహం అతనిలో ఏ మూలా లేదు. వెనక కూర్చున్న భార్య ఆశే దారి చెబుతోంది. కె.ఆర్.పురం బ్రిడ్జి కింద రద్దీ దాటి ఓల్డ్ మద్రాస్ రోడ్డు ఎక్కాక, "సుమ్నే, ఊరికే చూసొద్దాం. నచ్చకపోతే వచ్చేద్దాం" అంది మూడోసారి.

"ఊఁ" అన్నాడు మునీంద్ర.

చూడబోయేది ఒక పాత యెజ్డీ మోటార్‌సైకిల్. ఆశ బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడికి నెలనెలా బీపీ మాత్రల కోసం వచ్చే పాపక్క అనే పెద్దావిడ మాటల్లో ఆ బండి సంగతి చెప్పింది. తన భర్త నడిపిన బండి పద్నాలుగేళ్లుగా షెడ్డులో పడి ఉందట. షెడ్డు పడగొట్టి బాడుగ గదులు కట్టిస్తున్నారు కాబట్టి, మంగళవారం గుజరివాడు వచ్చి పాత ఇనుము కింద ఎత్తుకుపోతాడట.

ఆ మాట వినగానే ఆశకి పెళ్లైన కొత్త రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో రోడ్డు మీద యెజ్డీ చప్పుడు వినిపిస్తే మునీంద్ర చేస్తున్న పని ఆపి బయటికి వచ్చేవాడు. ఎప్పటికైనా ఒకటి కొని, విప్పి, మళ్లీ బిగించి, నంది కొండల దాకా నడుపుతాననేవాడు. ఇప్పుడు దొరికింది. ఆమె అతన్ని అడిగే ముందే పాపక్కకి వస్తున్నామని చెప్పేసింది.

అలా చెప్పడానికి కారణం ఉంది. మునీంద్ర తమ్ముడు దామోదర్‌కి మూడున్నరేళ్ల కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పెళ్లి కాలేదు, చూసేవాళ్లు లేరు. చింతామణి నుంచి వచ్చి అన్న ఇంట్లోనే ఉన్నాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో మిషన్లు రిపేరు చేసే మునీంద్ర, షిఫ్టు దిగి ఊరు ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చి, తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లి, నాలుగేసి గంటలు బయట కుర్చీలో కూర్చుని, మళ్లీ ఇంటికి తెచ్చేవాడు. అయిదు నెలల కిందట దామోదర్ పోయాడు. అప్పటి నుంచి మునీంద్ర పనికి వెళ్తాడు, వస్తాడు, హాల్లో కూర్చుంటాడు. టీవీ పెట్టడు. అడిగితే తప్ప మాట్లాడడు. ఇల్లు ఇలా ఉంటే ఆశకి భయంగా ఉంది.

పాపక్క ఇల్లు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండు మలుపులు. ఒకప్పుడు ద్రాక్షతోటలుండే చోట ఇప్పుడన్నీ నాలుగంతస్తుల ఇళ్లు. ఆవిడ వాకిట్లో చేట పట్టుకుని నిలబడి ఉంది.

"రాండప్పా, రాండి. అదో, ఆడుండాది. కోళ్లు కూర్చుంటాయి దానిమీద, చూసుకుని ముట్టుకో" అంది.

రేకుల షెడ్డులో, సిమెంటు సంచుల వెనక, బండి సెంటర్ స్టాండ్ మీద నిలబడి ఉంది. సీటు చినిగి లోపలి స్పాంజి ఊడి వచ్చింది. ఒకే సిలిండరుకి రెండు వైపులా రెండు సైలెన్సర్లు. కుడివైపుది అడుగున తుప్పుపట్టి చిల్లులు పడింది. ట్యాంకు మూత తీసి ఫోను లైటు వేసి చూశాడు మునీంద్ర. లోపలంతా ఎర్రటి పొడి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు పేలికలు పోగేసుకున్నాయి. కిక్కు మీద కాలు పెట్టి నొక్కితే అది రాయిలా నిలిచింది.

"ఇంజన్ పట్టేసింది" అన్నాడు.

"అంటే పనికిరాదా?" అంది ఆశ. గొంతులో ఆమె దాచాలనుకున్న నిరాశ వినిపించింది.

ఆ గొంతు విన్నాక ఊరికే వెనక్కి తిరగలేకపోయాడు. స్కూటర్ డిక్కీలోంచి టూల్స్ తెచ్చి, స్పార్క్ ప్లగ్గు విప్పాడు. పాపక్క ఎక్కడినుంచో సీసాలో డీజిల్ తెచ్చి ఇచ్చింది. ప్లగ్గు రంధ్రంలో కాస్త పోసి, పట్టు వదిలేందుకు అరగంట నాననిచ్చాడు.

ఆ అరగంటా పాపక్క సిమెంటు సంచి మీద కూర్చుని మాట్లాడింది. "మా ఆయన శ్రీనివాసప్ప పాల క్యాన్లు కట్టుకుని దీనిమీదే హోసకోట పోయేవాడు. ఒకనాడు కింద పడి కాలు విరిగింది. చచ్చేదాకా కుంటినాడు. నాకైతే దీనిమీద ప్రేమా గీమా లేదప్పా. జాగా కావాల, అంతే. నీకు కావాలంటే గుజరివాడు ఇచ్చేది నువ్వియ్యి, చాలు."

ఆశ నవ్వింది. మునీంద్ర కూడా కొంచెం నవ్వాడు. అయిదు నెలల్లో ఆమె చూసిన మొదటి నవ్వు అదే.

తర్వాత అతను కిక్ రాడ్డునే ముందుకు తిప్పి, దాంతోనే గేరు వేశాడు. యెజ్డీలో రెంటికీ ఒకటే రాడ్డు. గేరులో ఉంటే చక్రంతో పాటు ఇంజనూ తిరగాలి. వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపడం మొదలుపెట్టాడు. కదల్లేదు. మళ్లీ ఊపాడు. చెమట కళ్లలోకి కారింది. చాలాసేపటికి చేతుల్లో ఏదో తెలిసింది. గోరంత. ఇంకోసారి లాగేసరికి లోపల కరకరమని చక్రం పావు వంతు తిరిగింది.

"కదిలింది!" అని ఆశ చప్పట్లు కొట్టింది.

మునీంద్ర గుండె కూడా ఒక్కసారి ఎగిరింది. వెంటనే తలలో లెక్కలు మొదలయ్యాయి: ఇంజన్ దించాలి, సిలిండర్ బోరింగుకి ఇవ్వాలి, పిస్టన్ వెతకాలి, ట్యాంకు కడిగించాలి, రిజిస్ట్రేషన్ కాగితాల కోసం తిరగాలి. అన్నీ చేయగలడు. చేయడం వచ్చు. కానీ ఆ ఎగిరిన గుండె అతనికి కొత్తది కాదు. దామోదర్ రక్తపరీక్షలో నంబరు కాస్త తగ్గినప్పుడల్లా ఇలాగే ఎగిరేది. ఆ వారమంతా ఇంట్లో పండగ. తర్వాతి వారం మళ్లీ పెరిగేది. మూడేళ్లు అదే. ఈ రోజు కాస్త నయం, రేపు చూద్దాం, ఎల్లుండి ఎలా ఉంటుందో.

చక్రం వదిలి నేల మీద కూర్చున్నాడు.

"ఆశా, వద్దు" అన్నాడు.

"కదిలింది కదా?"

"కదిలింది. బాగవుతుంది కూడా. నావల్ల కాదు."

ఆశ పక్కకి తిరిగి కోళ్లని చూస్తూ నిలబడింది. పాపక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పోనీలేప్పా. దీన్ని వాకిట్లోకన్నా తోసిపెట్టి పోతావా? నాతో అయ్యే పని కాదు" అంది.

అది మాత్రం మునీంద్రకి భారం అనిపించలేదు. ఇప్పుడే మొదలై ఇప్పుడే అయిపోయే పని. గేరు తీసి న్యూట్రల్ చేశాడు. ముందు చక్రం బ్రేకు పట్టేసి ఉంటే, చక్రం విప్పి, డ్రమ్ము తట్టి తట్టి ఊడదీసి, బ్రేకు ముక్కల తుప్పు గీకి మళ్లీ బిగించాడు. ముగ్గురూ కలిసి బండిని వాకిట్లోకి తోశారు. ఎండలో పడ్డాక దాని ఎర్రరంగు అక్కడక్కడ ఇంకా మిగిలే ఉందని తెలిసింది. మునీంద్ర నాలుగు ఫోటోలు తీసి, పాపక్క నంబరుతో సహా, ఫ్యాక్టరీలో తనతో పనిచేసే పద్మనాభానికి పంపాడు. పాత బండ్లంటే పడిచచ్చే మనిషి అతను.

తిరుగుదారిలో మెయిన్ రోడ్డు మీద చిన్న హోటల్ దగ్గర ఆగి బైటూ కాఫీ చెప్పారు. ఒక కాఫీ రెండు గ్లాసుల్లో వచ్చింది. నిలబడే తాగుతున్నారు.

"నేను తప్పు చేసినానా?" అంది ఆశ.

"లేదు."

"మీరట్లా గోడ చూస్తూ కూర్చుంటే నాకేం తోచదు. ఇంట్లో దామోదర్ దగ్గు వినపడేది, మీరు మందులు అడిగేవాళ్లు, ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడేమీ లేదు. బండి ఉంటే కనీసం సుత్తి చప్పుడన్నా ఉంటుందనుకున్నా."

మునీంద్ర చాలా రోజుల తర్వాత సరైన మాట కోసం వెతికాడు.

"నేను కూర్చునేది బాధతో కాదు ఆశా. బాధ ఉండాది, లేదని కాదు. కానీ అలిసిపోయినా. వాడున్నప్పుడు అలిసిపోయినానని అనుకోడానికి కూడా భయమేసేది. వాడికి తెలిసిపోతుందేమోనని. ఇప్పుడు ఎవురికీ ఏమీ చేయకుండా కూర్చోవాలనుండాది. కొన్నాళ్లు. ఏదీ బాగుచేయకుండా."

ఆశ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనూ అలిసిపోయినా" అంది మెల్లగా. "వాడికి ఉప్పు లేకుండా, మనకి ఉప్పుతో, మూడేళ్లు రెండు వంటలు చేసినా. ఎవురికీ చెప్పలేదు."

"తెలుసు. నేనూ అడగలేదు."

బస్సులు హోరుమని పోతుంటే ఇద్దరూ, గ్లాసులు ఖాళీ అయ్యాక కూడా కొంతసేపు అక్కడే నిలబడ్డారు.

ఆ రోజు ఇంటికెళ్లి వంట చేయలేదు. దారిలో కట్టించుకున్న చిత్రాన్నం తిని, మునీంద్ర చాప మీద పడి నిద్రపోయాడు. సాయంత్రం ఆరింటికి మెలకువ వచ్చి చూస్తే, ఫోన్లో పద్మనాభం మెసేజ్ ఉంది. మర్నాడే టెంపో తీసుకెళ్లి బండి తెచ్చుకుంటానని, పాపక్కతో మాట్లాడేశానని రాశాడు. 'సాయానికి వస్తావా?' అని కింద ఇంకో మెసేజ్. మునీంద్ర 'రాలేను' అని కొట్టి పంపాడు. ఎందుకో వివరించాలనిపించలేదు.

ఆశ అతని పక్కనే, బయటికి కట్టుకెళ్లిన చీరతోనే, చేయి తల కింద పెట్టుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆమె నోరు కాస్త తెరుచుకుని ఉంది. వీధిలో ఎవరో కూరగాయల బండి మైకు పెట్టారు. మునీంద్ర లేచి కిటికీ తలుపు చప్పుడు కాకుండా మూసి, మళ్లీ వచ్చి ఆమె పక్కన పడుకున్నాడు.