అద్దంలో అరికాలు

బసవపున్నయ్య గారు పాఠం అప్పజెప్పినంత బాగా మా వార్డులో ఇంకెవరూ అప్పజెప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన సినిమాల్లో, సీరియళ్లలో చిన్న వేషాలు వేస్తారు. జడ్జి, పెళ్ళిపెద్ద, హీరోయిన్ తాతయ్య. పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ మొహం చూస్తే ‘ఈయన్ని ఎక్కడో చూశామే’ అంటారు. షుగరు బాగా పెరిగి జూబ్లీ హిల్స్‌లో మా ఆసుపత్రిలో చేరారు. నేను అక్కడే బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆయన పాదాల్లో స్పర్శ పోయిందని డాక్టరు తేల్చారు. ఇంటికి పంపే ముందు పాదాల జాగ్రత్తలు నేర్పే పని నా మీద పడింది.

పడింది అనడం కంటే మా కౌసల్య మేడం పడేశారు అనాలి. మేడం పీహెచ్‌డీ చేస్తున్నారు. నర్సింగ్ విద్యార్థినులు ఉత్సాహంగా చెబితే రోగులు ఎంత నేర్చుకుంటారన్నది ఆవిడ పరిశోధన. మేము చెప్పాలి, రోగి తిరిగి చెప్పాలి. ఎంత బాగా చెబితే అంత నేర్చుకున్నట్టు లెక్క. మాకు మార్కులు, మేడానికి డాక్టరేటు. మరి రోగికి ఏం వస్తుందని మొదటి రోజే అడిగాను.

“నీకు నోరెక్కువ భువనా” అన్నారు మేడం.

ఉత్త కాళ్లతో నడవకూడదని, వేడినీళ్లలో కాళ్లు పెట్టకూడదని, రోజూ నేల మీద అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవాలని ఆయనకు చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. మర్నాడు మేడం వీడియో తీయడానికి ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడగానే గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. ఎక్కడా తడబాటు లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించారు. “తల్లి తొమ్మిది నెలలు మోస్తే ఈ పాదాలు జీవితాంతం మోస్తాయి” అని నేను చెప్పని మాట కూడా ఒకటి కలిపారు. పక్క మంచం మీద ముసలావిడ కళ్ళొత్తుకుంది. అంతా అయ్యాక “ఇంకో టేక్ కావాలా అమ్మా?” అని అడిగారు.

మేడం మురిసిపోయారు. నాకు నూటికి నూరు వేశారు.

ఆయన భార్య పుష్పవల్లి గారు మాత్రం సంచి సర్దుకుంటూ నాతో ఒక మాట అన్నారు. “ఈయనకి ఏదైనా ఒక్కసారి చెబితే వచ్చేస్తుందమ్మా. షాట్ అయ్యాక ఒక్క ముక్క గుర్తుండదు.”

ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. మేడం దగ్గరికి వెళ్ళి, “ఒక్కసారి ఆయన ఇంటికి పోయి చూసొస్త మేడం” అన్నాను.

“మన స్టడీలో హోమ్ విజిట్ లేదు.”

మేడం స్టడీలో లేనిది లోకంలోనే లేదు. మాకు చదువు చెప్పిందీ అలా అప్పజెప్పించే. పడక పుండ్లు రాకుండా రోగిని ఎలా పక్కకు తిప్పాలో మొదటి సంవత్సరంలోనే గడగడా అప్పజెప్పాం. నిజంగా ఒక మనిషిని తిప్పాల్సి వచ్చిన రోజు ఎక్కడ చెయ్యి వేయాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. చిలక పలుకులు పలికినవాళ్ళం, ఆ పలుకులే రోగులకు నేర్పుతున్నాం.

కొన్ని వారాలకు మా కాలేజీలో సెమినార్ పెట్టారు. బయటి ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. వీడియో చూపించి, వెంటనే బసవపున్నయ్య గారిని స్టేజీ మీదికి పిలవాలని మేడం సరదా. ఆ రోజు ఆయనకు ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ ఉంది. భోజనాల వేళకు వదిలేస్తారని, దగ్గరుండి తీసుకురమ్మని నన్ను పంపారు.

అది పౌరాణిక సీరియల్. ఆయన రాజగురువు. ముందునుంచి చూస్తే బంగారు స్తంభాల సభ, పక్కకు వెళ్ళి చూస్తే ప్లైవుడ్, థర్మాకోల్, మేకులు. గడ్డం, రుద్రాక్షలు, కాషాయం పంచె కట్టుకుని ఆయన వాకిలి నుంచి సింహాసనం దాకా దీవిస్తూ నడిచి రావాలి. నడిచి వచ్చారు. ఉత్త కాళ్లతో.

ఆయన వెనక తెల్లటి నేల మీద ఎర్రటి మరకలు పడ్డాయి.

“నేల మీద కుంకుమ పడింది, తుడవండి” అని అసిస్టెంట్ డైరెక్టర్ కేకేశాడు. ఒకతను గుడ్డ తెచ్చి తుడిచాడు. ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచారు. మళ్ళీ మరకలు. మళ్ళీ తుడిచారు. అంతమంది ఉన్నారు అక్కడ, లైట్లు పట్టుకున్నవాళ్ళు, గొడుగు పట్టుకున్నవాళ్ళు. ఆ ఎరుపు ఎక్కడినుంచి వస్తోందని ఒక్కరూ చూడలేదు. నడిచే మనిషికీ తెలియలేదు.

మూడోసారి ఆయన అడుగు వేసేసరికి నేను కెమెరాకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

“ఎవరమ్మా నువ్వు? షాట్‌లోకి వచ్చేశావేంటి?” అని ప్రొడక్షన్ మేనేజర్ నా మీదికి వచ్చాడు.

“గాయన కాలు చూడుండ్రి జర. అది కుంకుమ కాదు, నెత్తురు.”

బసవపున్నయ్య గారికి నా మీద కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. “నాకేం నొప్పి లేదమ్మా. ఈ ఒక్క షాట్ అయిపోనీ, వచ్చేస్తాను” అని బతిమాలారు.

నొప్పి లేకపోవడమే ఆయన జబ్బు. అది కూడా నేనే చెప్పాను, ఆయనే అప్పజెప్పారు.

ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మేకప్ మ్యాన్ చేతిలో అద్దం లాక్కుని కాలి కింద పెట్టాను. విరిగిన మేకు ఒకటి బొటనవేలి కింద దిగబడి ఉంది. దాని చుట్టూ పుండు. ఇవాళ్టిది కాదు, అంచులు నల్లబడి లోపల చీము పట్టింది. పూసుకున్న అత్తరు దాటి వాసన వస్తోంది. కాలు ఎత్తి అద్దం దగ్గరగా పట్టుకుంటే ఆయన కళ్ళు చికిలించి చూశారు.

“ఇది నాదేనా అమ్మా?”

“రోజూ అద్దంల చూసుకోవాలె అని మీరే చెప్పిండ్రు గదా సార్.”

“చెప్పాను కదా. బాగా చెప్పానన్నారు కదా మీరు.” గడ్డం సవరించుకుని అన్నారు. “నేను సరిగ్గా చెప్పకపోతే నీకు మార్కులు రావని మీ మేడం గారు చెప్పారమ్మా. ఆడపిల్లవి, ఇంటికి దూరంగా ఉండి చదువుకుంటున్నావు. నా మూలంగా నువ్వు ఫెయిల్ కాకూడదని పట్టుబట్టి నేర్చుకున్నాను.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ఆ మాటలు తన కాలి కోసం నేర్చుకోలేదు, నా కోసం నేర్చుకున్నారు. ఆ మార్కుల కాగితం చింపి మేడం మొహాన కొట్టాలనిపించింది. ఇంత మంచివాడివి నీ కాలు ఎందుకు చూసుకోలేదయ్యా అని ఆయన్ని కూడా తిట్టాలనిపించింది. గుడ్డతో కట్టు కట్టాను.

అప్పుడే మేడం ఫోన్. “బయల్దేరారా? గెస్టులు వచ్చేశారు.”

కాలి సంగతి చెప్పాను. “నడవగలరా?” అన్నారు.

“నడుస్తడు మేడం. నొప్పి తెల్వది గదా, ఎంత దూరమన్న నడుస్తడు. నేను క్యాజువాలిటీకి తీస్కపోతున్న” అని ఫోన్ పెట్టేశాను.

ఆయన్ని ఆ గడ్డంతోనే ఆటో ఎక్కించాను. కింద క్యాజువాలిటీలో మేకు తీస్తుంటే పైన హాల్లో ఆయన వీడియో వేశారట. చప్పట్లు బాగా పడ్డాయని నా స్నేహితురాలు చెప్పింది.

బొటనవేలు తీసేశారు. పాదం మిగిలింది.

రెండో రోజు మేడం వార్డుకు వచ్చి నన్ను పక్కకు పిలిచారు. “ఈయన్ని స్టడీలోంచి డ్రాప్ చేద్దాం భువనా. ఫాలో అప్‌కి దొరకలేదని రాసేస్తే సరిపోతుంది.”

“ఫాలో అప్ మనం ఎప్పుడు చేసినం మేడం?”

“నీ ప్రాజెక్ట్ మీద సంతకం నాదని మర్చిపోకు.”

“పెట్టకుంటె పెట్టకుండ్రి. నా నూరు తీసి సున్న వేయుండ్రి. ఆయన బాగ చెప్పిండు, అయినా వేలు పోయింది అని రాయుండ్రి. ఆయన పేరు తీసేస్తె మాత్రం నేను పోయి ప్రిన్సిపాల్ రూం ముంగట కూసుంట.”

మేడం నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయారు. రాస్తారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సంతకం మాత్రం ఇంకా పడలేదు.

నేను మంచం దగ్గరికి వచ్చేసరికి బసవపున్నయ్య గారు లేచి కూర్చుని గొంతు సవరించుకున్నారు. “పాదాలను ప్రతిరోజూ...”

“వద్దు సార్. నా మాటలు నాకు చెప్పకుండ్రి. ఇంట్ల అసలు ఏమైతున్నదో అది చెప్పుండ్రి.”

ఎన్నడూ తడబడని మనిషి మాటల కోసం వెతుక్కున్నారు.

“వంగలేనమ్మా. పొట్ట అడ్డం వస్తుంది. వంగినా అద్దంలో మసగ్గా తప్ప కనపడదు. పుష్పని చూడమందామంటే... కాళ్ళు చూడమని పెళ్ళాన్ని ఎలా అడగను? చెప్పులు వేసుకుంటానంటే ఆ వేషం ఇంకొకడికి పోతుంది. ఈ వయసులో నాకు వచ్చేవన్నీ చెప్పులు లేని వేషాలే.” గుక్క తిప్పుకున్నారు. “ఇవన్నీ అప్పుడు మీరు అడగలేదు.”

అడగలేదు. చెప్పుల సంగతికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

పక్కనే వింటున్న పుష్పవల్లి గారు చేతిలో గ్లాసు కింద పెట్టారు. “అడగడానికి సిగ్గేంటండీ మీకు” అని కసిరి, మంచం చివర కూర్చుని, కట్టు లేని కాలు ఒళ్ళోకి తీసుకున్నారు. వేళ్ల సందుల్లో ఎలా చూడాలో, మడమ దగ్గర ఎలా నొక్కాలో ఆవిడ చెయ్యి పట్టుకుని చూపించాను. ఆవిడ నెమ్మదిగా ఒక్కో వేలూ విడదీసి చూశారు.

తిరిగి చెప్పమని నేను అడగలేదు.