రేపటి చప్పుడు

ఆటోనగర్లో తిరుపతిరావు మేస్త్రి లారీల రిపేరు షెడ్డులో పనిచేసే నవాజ్‌కి చెవుల్లో దూది లేనిదే పొద్దు గడవదు. హారన్ మోగితే ఒళ్లు బిగుసుకుపోతుంది. మనుషుల కళ్లలోకి చూడలేడు. కానీ మర్నాడు పాడవబోయే వస్తువు చప్పుడు అతనికి ఒకరోజు ముందే వినపడుతుంది, ఎక్కడో ఇనుము సన్నగా గీరుకున్నట్టు. బేరింగైనా బెల్టయినా ఒక్కసారీ తప్పలేదు. అందుకే మేస్త్రి అతన్ని ఉంచుకున్నాడు.

తొంభై ఎనిమిది వేసవిలో ఒక ఉదయం డ్రైవర్ శౌరయ్య లారీ తెచ్చి ఆపాడు. చల్లపల్లికి ఎరువుల లోడు. అతనూ నవాజూ మూడేళ్లుగా ప్రేమలో ఉన్నారు. అది బయటపడితే షెడ్డులో ఒక్క పూట కూడా నిలవనివ్వరని నవాజ్ భయం.

లారీ రాగానే ఆ గీరుడు వినపడింది.

"వెళ్లొద్దు. రేపు పోద్ది," అన్నాడు నవాజ్.

"ఏది పోద్దిరా?"

"తెలీట్లా."

బ్రేకులు విప్పి చూశాడు. వాటర్ పంపు మార్చాడు. చప్పుడు పోలేదు.  మధ్యాహ్నానికి మేస్త్రి విసుక్కున్నాడు.

"బండి బానే ఉందిగా, పంపించెయ్ నవాజూ. పార్టీ ఫోన్ మీద ఫోన్ చేస్తన్నాడు."

నవాజ్ ఇంజన్ ఆపించాడు. చప్పుడు ఆగలేదు. శౌరయ్య కేబిన్ దిగి టీ కొట్టు వైపు నడిచాడు. చప్పుడు కూడా అటే వెళ్లింది.

నవాజ్ స్పానర్ కింద పడేశాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. అయినా పరుగెత్తి, చెవిలో దూది తీసేసి, శౌరయ్య గుండెకి చెవి ఆనించాడు. రెండు చేతులా పట్టుకుని వదల్లేదు.

ఎవరో ఈల వేశారు. శౌరయ్య అతన్ని తోసెయ్యలేదు.

"ఏంట్రా?" అన్నాడు మెల్లగా.

"బండి కాదు. నువ్వు."

శౌరయ్య మొహం పాలిపోయింది. "నాలుగు రోజుల్నించి ఎడం చెయ్యి లాగతంది. చెప్తే నువ్వు నిద్రపోవని చెప్పలా."

మేస్త్రే ఆటో పిలిచాడు. గుండెకి వెళ్లే రక్తనాళం మూసుకుపోతోందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. వైద్యం మొదలైన మర్నాటికి ఆ చప్పుడు ఆగింది.

షెడ్డులో గుసగుసలు ఆగలేదు. వారం తిరక్కుండానే మేస్త్రి, "గిరాకీలు రకరకాలుగా అంటన్నారు నవాజూ, ఇంక రావద్దులే," అన్నాడు. శౌరయ్యని డాక్టరమ్మ లారీ నడపొద్దంది.

శ్రావణంలో ఇద్దరూ ఉయ్యూరు రోడ్డు మీద చిన్న రిపేరు షాపు తీశారు. బోర్డు మీద ఎవరి పేరు రాయాలో తేలక మొదటి నెలంతా బోర్డే పెట్టలేదు.